పేరు చెప్పని పాఠకునికి ఒక పత్రిక



నేటి ప్రసంగమునకు నేను తీసికొన్న విషయము వ్యాధి కాదు, ఒక పత్రిక. హెచ్.ఐ.వి. సోకినను పనిపాటలు చేసికొనుచు, పిల్లలను పెంచుకొనుచు, పెండ్లిండ్లకును పండుగలకును పోవుచు జీవించుచున్న వారి కొరకు, సాధ్యమైనంతవరకు వారి చేతనే నడపబడు పత్రిక ఎట్టిది, దాని పని యేమి, కరీంనగరము, ఆదిలాబాదు వంటి సీమలో అది ఏ రూపమున నిలువగలదు అను ప్రశ్నలను గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుదును. జిల్లాలకు పాత పేర్లనే వాడుచున్నాను. 2016 అక్టోబరులో ఇవి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు మొదలైన జిల్లాలుగా విడివడినను, ఇక్కడి జనుల రాకపోకలును బ్రతుకుతెరువులును ఆ గీతలకు లోబడి నడచునవి కావు.

మన దేశమున ఈ వ్యాధిని గూర్చి నడచిన సంభాషణమంతయు ఆదినుండియు ఒకే దిక్కునకు సాగినది. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీ ఆచార్యులు డాక్టర్ సునీతి సోలమన్ గారి పర్యవేక్షణమున, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తపు నమూనాలలో ఈ వైరస్ ఉనికి తొలిసారిగా తేలినది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడినది. అప్పటినుండియు గోడలమీదను, బస్సుల వెనుకను, దవాఖానల వరండాలలోను ప్రభుత్వము ప్రజలతో ఈ విషయమును మాటలాడుచునే యున్నది. 2000 దశకపు తొలినాళ్ళలో, పులిరాజాకు ఎయిడ్స్ వచ్చునా రాదా యను ప్రశ్న పెద్ద పెద్ద హోర్డింగులకెక్కి, ఎవరీ పులిరాజా యని ఊరూర చర్చ రేపినది. 2005లో ‘ఆశ’ అను పేర నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ ప్రచారమును పల్లెపల్లెకు కొనిపోయినది.

ఇవి వ్యర్థమైన పనులని నేననను. కాని ఆ మాటలన్నియు ఎవరినుద్దేశించి పలికినవో ఒక్కసారి ఆలోచింపుడు. వ్యాధి యింకను సోకనివానిని ఉద్దేశించి పలికినవి. ‘నీకు రాకుండ చూచుకొనుము’ అని చెప్పునప్పుడు, ఇదివరకే వచ్చినవాడు ఆ వాక్యమునకు శ్రోత కాడు, ఆ వాక్యములోని ఉదాహరణము మాత్రమే. కరీంనగరము బస్టాండులో జగిత్యాల బస్సుకొరకు వేచియుండి, ఎదుటి గోడమీది బొమ్మను చూచు పాజిటివ్ మనుష్యునితో ఆ గోడ ఏమియు పలుకదు. అతనిని గూర్చి ఇతరులతో పలుకును. అతనికి కావలసిన మాటలు వేరు. ఈ మందు ఎప్పుడు వేసికొనవలెను, వాంతియైనచో మరల వేసికొనవచ్చునా, పిల్లవానికి ఎప్పుడు చెప్పవలెను, చెల్లెలి పెండ్లి సంబంధము చెడునా, తనవంటివారు ఇంకెవరైన పదియేండ్లు, ఇరువదియేండ్లు బ్రతికియున్నారా అను ప్రశ్నలకు గోడమీద జవాబు వ్రాసినవారు లేరు. అట్టి జవాబులకు తావిచ్చునది పత్రిక.

ఇతర దేశములలో ఈ లోపమును వ్యాధిగ్రస్తులే పూరించుకొన్నారు. 1983 జూన్ నెలలో అమెరికాలోని డెన్వర్ నగరమున జరిగిన యొక ఆరోగ్యసభలో, ఎయిడ్స్ సోకిన కొద్దిమంది వేదికయెక్కి, తమ్మును గూర్చి నిర్ణయములు జరుగు ప్రతి సభయందును తమకును సమానమైన స్థానముండవలెనని, తమ గోప్యమును తమ మర్యాదను కాపాడవలెనని ఒక ప్రకటన చదివిరి. ఆనాటికి ఆ వ్యాధికి కారణమేదియో శాస్త్రజ్ఞులే పూర్తిగా తేల్చుకొనలేదు. ఆ ప్రకటనకు సహకరించిన వారిలో ఒకడైన మైకేల్ కాలెన్ అను గాయకుడు 1985 ప్రాంతమున న్యూయార్కు నగరమున ‘న్యూస్‌లైన్’ అను చిన్నపత్రికకు సంపాదకుడయ్యెను. ప్రయోగదశలోనున్న మందుల సమాచారము, ఆసుపత్రిలో ఎదురైన అవమానములు, చనిపోయిన మిత్రుల స్మరణములు, వాదోపవాదములు, అన్నియు ఆ పుటలలో పక్కపక్కనే యుండెడివి. వైద్యులు చెప్పుదురని వేచియుండుటకు ఆనాటి రోగులకు వ్యవధి లేదు. కావున వైద్యపత్రికలను తామే చదివి, అర్థమైనదానిని తోటివారికి సులభమైన మాటలలో అందించుట ఆ పత్రికల ప్రధానకార్యమయ్యెను.

1994లో న్యూయార్కులోనే షాన్ స్ట్రబ్ అను నతడు ‘పోజ్’ అను పత్రికను స్థాపించెను. అతడును హెచ్.ఐ.వి. సోకినవాడే. ఎక్కువకాలము బ్రతుకడని వైద్యులు తలచినవాడే. పత్రికకు మూలధనము కావలసివచ్చినపుడు అతడు తన జీవితబీమా పాలసీలను అమ్మివేసెను. రోగి త్వరలో మరణించునను అంచనాతో పాలసీలను కొను వ్యాపారులు ఆ రోజులలో అమెరికాలో ఉండెడివారు. తన మరణముమీద ఇతరులు పెట్టిన పెట్టుబడిని అతడు బ్రతుకువారి పత్రికకు పెట్టుబడిగా మార్చుకొన్నాడు. 1996లో మూడు మందుల చికిత్స వచ్చినది, అతడు బ్రతికినాడు, పత్రికయు బ్రతికినది. ఆ పత్రిక నలుపు తెలుపుల కరపత్రము కాదు. మెరుగు కాగితముపై, ముఖచిత్రముతో, సినిమా పత్రికల పక్కన అంగడిలో పెట్టదగినట్లు వెలువడెను. వ్యాధిగ్రస్తుడు తలవంచుకొని తీసికొనిపోవలసిన వస్తువుగా అది యుండరాదని దాని స్థాపకుని పట్టుదల.

దక్షిణాఫ్రికాలో వేరొక మార్గము కనబడును. అక్కడ 1998లో పుట్టిన ‘ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్’ అను ఉద్యమము, పేదల బస్తీలలోని క్లినిక్కులలో ‘ఈక్వల్ ట్రీట్‌మెంట్’ అను పత్రికను పంచిపెట్టెను. మందుల పేర్లు, అవి దేహములో చేయు పని, వాని దుష్ఫలితములు, రాజ్యాంగమిచ్చిన హక్కులు, ఇవి దానిలో ముఖ్యవిషయములు. పెద్దచదువులు లేని స్త్రీలు ఆ పాఠములు నేర్చి, చికిత్సకొరకు ప్రభుత్వముతో వాదించి నెగ్గిరి. న్యూయార్కు పత్రిక అంగడిలో కొనువానిది, దక్షిణాఫ్రికా పత్రిక క్లినిక్కు బల్లపై కూర్చుండువానిది. మన ఉత్తర తెలంగాణమునకు ఈ రెండవ పత్రిక దగ్గరిచుట్టము.

మన దేశమున 1997లో చెన్నై కేంద్రముగా హెచ్.ఐ.వి.తో జీవించువారి జాతీయ సంఘమును, మరుసటి యేడు స్త్రీల సంఘమును ఏర్పడినవి. తెలుగునాటను ఇట్టి సంఘములు పుట్టినవి. ఆ దినములలో పశ్చిమదేశములందు ఒక్క రోగికి యేడాదికి పదివేల డాలర్లకు పైబడి ఖర్చగు మందులను, 2001లో బొంబాయిలోని సిప్లా సంస్థ యేడాదికి 350 డాలర్లకు ఇచ్చెదనని ప్రకటించి ప్రపంచమును ఆశ్చర్యపరచెను. 2004 ఏప్రిల్ 1నుండి భారతప్రభుత్వము కొన్ని పెద్దాసుపత్రులలో ఏఆర్‌టీ అను వైరస్‌ను అణచు మందులను ఉచితముగ నిచ్చుటకు ఆరంభించెను. క్రమక్రమముగ ఆ కేంద్రములు జిల్లా దవాఖానలకు వచ్చినవి. అప్పుడు మన జిల్లాలలోను ‘నెలనెల మందులకు పోవువారు’ అను నొక కొత్త సమూహమేర్పడినది. పచ్చ అట్ట గ్రీన్ బుక్కును సంచి అడుగున దాచుకొని, తెల్లవారకముందే బస్సెక్కి, కౌన్సెలర్ గది ముందు వరుసలో నిలిచి, పక్కవారితో మాట కలుపక, మందుల డబ్బాల చప్పుడు వినబడకుండ గుడ్డలో చుట్టుకొని ఇంటికి చేరు సమూహమది. వీరందరు ఒకరినొకరు చూతురు, ఒకరినొకరు ఎరుగరు. మన పత్రికకు పాఠకులు వీరే.

వీరెవరు? ఈ సీమ మనుష్యులు ఎన్నడును ఒకచోట కుదురుగ నుండి బ్రతికినవారు కారు. నిజాము రాజ్యమునుండి కూలికై బొంబాయి చేరిన తెలుగు కామాటీలు పందొమ్మిదవ శతాబ్దమునాడే అచ్చట ఒక పేటకు తమ పేరిచ్చిరి. ఆ కామాటిపురా పిమ్మట వేరొక పనికి పేరుబడుట చరిత్రలోని వింత. సిరిసిల్ల సీమ పద్మశాలీలు భివండి, షోలాపురము మగ్గములకు పోయిరి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములనుండి దుబాయికి, మస్కటునకు, కువైటునకు పోవనివాడు లేడు. నాగపురమునుండి హైదరాబాదు వచ్చు జాతీయ రహదారి ఆదిలాబాదు, నిర్మల్ పట్టణముల మీదుగానే సాగును. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబావులకు నలుదిక్కులనుండి జనము వచ్చిరి. ఈ రాకపోకలలో వైరస్ కూడ ప్రయాణము చేసినది. అది తుదకు చేరినది ఇంటియొద్ద చాట ముందు పెట్టుకొని బీడీలు చుట్టు ఇల్లాలిని, గుట్టలలో తునికాకు ఏరు కూలిమనిషిని. ఆమె ఎచటికిని పోలేదు, ఏ తప్పును చేయలేదు. ఐనను, భర్త మరణించిన పిదప అత్తింటి పంచాయతిలో నిలువబడి జవాబు చెప్పవలసివచ్చినది ఆమెయే.

నేను తప్పు అను మాట వాడితిని కాబట్టి ఒక విషయము వెంటనే చెప్పవలెను. వ్యాధి ఎట్లు వచ్చినదని అడుగు పత్రిక ఈ పాఠకులకు అక్కరలేదు. ఆ ప్రశ్నను ఊరు చాలినంతగ అడిగినది. ఇల్లాలిని నిర్దోషి యనుటకు భర్తను దోషిని చేయుట, బిడ్డను అమాయకుని యనుటకు తల్లిని దోషిని చేయుట, ఇట్లు వ్యాధిగ్రస్తులలోనే పైమెట్టు క్రిందిమెట్టు కట్టుట పత్రికకు తగదు. బొంబాయి పోయినవాడు పొట్టకూటికి పోయినాడు. లారీ తోలువాడు, దేహమమ్ముకొను స్త్రీ, హిజ్రా, అందరును ఆ వరుసలోనివారే, అందరును దాని పాఠకులే.

ఇక పత్రికలో ఏమేమి యుండవలెనో చూతము. మొదటిది మందు. ఏఆర్‌టీ మొదలైన నాళ్ళలో రోజునకు రెండుపూటల గోలీలు, వానిలో స్టావుడిన్ అను మందువలన కొందరికి చెంపలు పీల్చుకొనిపోయి, కాళ్ళు తిమ్మిరెక్కి, ముఖము చూచినంతనే ఇతరులు పోల్చుకొను స్థితి యుండెను. ఆ మందును తరువాత తొలగించిరి. 2017కు పూర్వము రక్తములోని రోగనిరోధక కణముల లెక్కయగు సీడీ ఫోర్ కౌంటు నిర్ణీతసంఖ్యకు దిగినగాని మందు మొదలుపెట్టెడివారు కారు. ఆ యేడునుండి కౌంటు ఎంతయున్నను పరీక్షలో తేలిన వెంటనే చికిత్స యిచ్చుచున్నారు. ఇప్పుడు పెద్దవారిలో అధికసంఖ్యాకులకు టెనోఫోవిర్, లామివుడిన్, డాల్యుటెగ్రవిర్ అను మూడు మందులు కలిసిన ఒక్క గోలీ రోజునకొకసారి చాలును. ఐనను ఆ గోలీకిని కొన్ని నియమములు కలవు. గర్భిణి వేసికొను ఐరన్, క్యాల్షియం గోలీలు ఖాళీకడుపున దానితో కలిసినచో మందు ఒంటికి సరిగ పట్టదు. భోజనముతోనో, వేళ మార్చియో వేసికొనవలెను. క్షయకు వాడు రిఫాంపిసిన్ తోడైనచో డాల్యుటెగ్రవిర్ మోతాదును వైద్యుడు రోజునకు రెండుసార్లుగ మార్చవలెను. బొగ్గుధూళియు, బీడీ పొగయు, క్షయయు పక్కపక్కనే మెలగు మన ప్రాంతమున ఈ ఒక్క వాక్యము ఎందరికో ఉపకరించును. దవాఖానలో వరుస పొడవు, డాక్టరుగారికి తీరిక తక్కువ. అడుగ మరచిన ప్రశ్నకు జవాబు ఇంటికి తీసికొనిపోవుటకు అచ్చు కాగితమే వలయును.

రెండవది ఆశకు ఆధారము, అనగా ఉత్తమాట కాదు, రుజువు. మందులు క్రమముగ వాడుటవలన రక్తములోని వైరస్ పరిమాణము (వైరల్ లోడ్) పరీక్షకు చిక్కనంత తగ్గినచో సంపర్కముద్వారా భాగస్వామికి వ్యాధి సోకదని నేడు శాస్త్రము నిశ్చయముగ చెప్పుచున్నది. ఈ దారిలో పెద్ద మైలురాయియైన 2011నాటి అంతర్జాతీయ అధ్యయనములో చెన్నై, పూణే నగరముల దంపతులును పాల్గొన్నవారే. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు సోకు అవకాశము నూటికి 15నుండి 45 వరకు నుండగా, చికిత్సతో అది 5కు లోపునకు దిగును. ఈ సంగతులు తెలిసిన పిదప పెండ్లియు, సంతానమును మరల మాటలాడదగిన విషయములగును. సునీతి సోలమన్ గారు తమ చివరిదినములవరకు చెన్నైలో వ్యాధిగ్రస్తులైన స్త్రీపురుషులకు పెండ్లి సంబంధములు కుదుర్చుచుండిరి. తల్లికడుపులోనే వ్యాధి సోకి, మందులతో పెరిగి పెద్దవారైన పిల్లలు నేడు డిగ్రీలు చదువుచున్నారు, ఉద్యోగములు చూచుకొనుచున్నారు. వారికి కావలసిన వివాహ ప్రకటనల పుట సామాన్య దినపత్రికలో ఉండదు.

మూడవది చట్టము. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము, ఉద్యోగమునందును, చదువునందును, వైద్యమునందును, అద్దె ఇంటి విషయమునందును వివక్షను నిషేధించినది. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు, సమ్మతి లేనిదే ఇతరులకు చెప్పరాదు. తల్లిదండ్రులు లేని యింటిలో పండ్రెండేండ్లు నిండిన తెలివిగల అక్క, బడిలో చేర్చుటకును, బ్యాంకు ఖాతాకును, వైద్యమునకును తన తమ్మునికి గార్డియనుగ సంతకము చేయవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లలోపు పిల్లలను ఉమ్మడి యింటినుండి వెడలగొట్టరాదు. ఈ నిబంధనములు గెజెట్టులో నుండి ఫలమేమి? తమ్ముని బడిలో చేర్చబోయిన ఆ పండ్రెండేండ్ల పిల్లకు అందవలెను. అట్లే తెలంగాణ ప్రభుత్వపు ఆసరా పింఛను 2014లో 1,000 రూపాయలుగ మొదలై, 2019లో 2,016 రూపాయలైనదని, ఏఆర్‌టీ వాడువారు దానికి అర్హులని, దరఖాస్తు ఎచట పెట్టవలెనని చెప్పుటయు పత్రిక పనియే.

నాలుగవది మన ప్రాంతమునకే ప్రత్యేకమైన గల్ఫు మెడికల్. అప్పుచేసి ఏజెంటుకు పైకము కట్టి, వీసాకొరకు వైద్యపరీక్షకు పోయినవాడు, చేతికి వచ్చిన కాగితముపై ‘అన్‌ఫిట్’ అను మాట చూచి తన వ్యాధిని తెలిసికొనుట మన పల్లెలకు కొత్త కాదు. ఇంకొందరు అచటికి పోయి కొన్నియేండ్లు పనిచేసిన పిదప, అనుమతి పొడిగింపునకు జరుగు పరీక్షలో బయటపడి, సామాను సర్దుకొనుటకు కూడ వ్యవధి లేక విమానమెక్కింపబడుదురు. మన చట్టము సముద్రము దాటి పోజాలదు. కాని అట్లు తిరిగివచ్చినవానికి, నీ జీవితము ముగియలేదు, మన జిల్లా దవాఖానలోనే ఉచితముగ మందు కలదు, దుబాయి కొలువు పోయినను ఇక్కడి కొలువు నీకు నిరాకరించుటకు వీలులేదు అని చెప్పగల వార్తాహరుడొకడు ఊరిలో నుండవలెను. అతడు నోటిమాటగ వచ్చినచో ఊరంతకు తెలియును. కాగితముగ వచ్చినచో ఆ యొక్కనికే తెలియును.

ఇచ్చటనే అసలు చిక్కు వచ్చుచున్నది. ఏ పత్రికయైనను తన పేరు పెద్దయక్షరములతో అట్టపై వేసికొని, చందాదారుని పేరు చిరునామా కాగితముపై అంటించి తపాలాలో వేయును. ఈ పత్రిక అట్లు చేసినచో పోస్టుమాన్‌తో మొదలై ఊరంతయు దానిని చదువును, అట్టను మాత్రమే చదువును. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించినపుడు తెలంగాణములో తెలుగువారి ఉనికియే ప్రశ్నయైయుండెను. ఇక్కడ కవులు లేరను మాటకు జవాబుగ 1934లో ఆయన 354 మంది కవులను పేరుపేరున గ్రంథమెక్కించి లోకము ముందు నిలిపిరి. ఉనికిని నిరూపించుటకు పేర్లు అచ్చువేయుటకన్న బలమైన సాధనము లేదు. మన ప్రస్తుత సంపాదకునికి ఆ సాధనము లేదు. అతడు పేర్లు చెప్పకయే, వీరున్నారు, వేలకొలదిగ నున్నారు అని నిరూపింపవలెను. 2021నాటి జాతీయ అంచనాల ప్రకారము దేశమున సుమారు 24 లక్షలమంది హెచ్.ఐ.వి.తో జీవించుచుండగా, తెలంగాణములో వయోజనులలో దీని శాతము దేశపు సగటునకు రెండింతలకు పైబడియున్నది. ఇన్ని లక్షలలో ఏ యొక్కరి పేరును ఊరిలో వినబడదు.

న్యాయస్థానములు ఈ చిక్కునకు ఒక పరిష్కారము చూపినవి. 1997లో బొంబాయి హైకోర్టు, హెచ్.ఐ.వి. కారణముగ ప్రభుత్వరంగ సంస్థలో పని కోల్పోయిన యొక కూలివాని వ్యాజ్యమును విచారించి, పనిచేయ శక్తిగలవానిని ఆ కారణమున తొలగించుట చెల్లదని తీర్పుచెప్పినపుడు, వాది పేరును దాచి రెండక్షరములతోనే వ్యవహరించెను. 2017 చట్టమును మారుపేరుతో వ్యాజ్యము నడుపుకొనుటకు వీలు కల్పించినది. పత్రికయు అదే త్రోవ తొక్కవలెను. పేరు లేని ఉత్తరమును సామాన్య సంపాదకుడు చెత్తబుట్టలో వేయును. ఈ సంపాదకునికి అదియే ముఖ్యమైన రచన. కాని పేరు దాచుట యనగా ఊరును, పనిని, వయస్సును, మాటతీరును కూడ దాచివేసి, ఎవరికిని చెందని ఏడుపుకథగ మార్చుట కాదు. బీడీలు చుట్టు స్త్రీ వ్రాసిన ఉత్తరములో ఆకు తూకము, కంపెనీవాని కోతలు, చేతివేళ్ళ నొప్పి ఉండవలెను. బావిపనివాని ఉత్తరములో షిఫ్టు వేళకును మందు వేళకును గల పేచీ యుండవలెను. అప్పుడే చదువువానికి, ఇతడు నావంటివాడే అను నమ్మిక కలుగును.

అట్టపై ఆరోగ్యమో, కుటుంబమో సూచించు సామాన్యమైన పేరు పెట్టి, తపాలాకు బదులు ఏఆర్‌టీ కేంద్రములోనే మందులతోపాటు చేతికిచ్చుట ఉత్తమము. ఇంటికి తీసికొనిపోవుటకు జంకువారు అచటనే బల్లపై కూర్చుండి చదివి, తిరిగి యిచ్చిపోవచ్చును. చదువరానివారి సంగతియు చూడవలెను. 2011 జనగణన ప్రకారము కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో స్త్రీలలో అక్షరాస్యులు సగమునకు కొంచెమే హెచ్చు. కావున పత్రికలోని వాక్యము చెవికి వినుటకు అనువుగ నుండి, పక్కవారెవరైన చదివిపెట్టుటకు వీలుగ నుండవలెను. ఉట్నూరు గుట్టలలోని గోండులకు, కొలాములకు తెలుగు కూడ నేర్చుకొన్న భాషయే. వారికొరకు మాట గాలిలో పోవలెను. ఆదిలాబాదు ఆకాశవాణి గోండి కార్యక్రమములు ప్రసారము చేయుచునే యున్నది గదా! రేడియోకు చందాదారుని చిరునామా అక్కరలేదు; వినుచున్నవారిలో ఎవరికి సంబంధించిన మాటయో ఎవరికిని తెలియదు. పత్రికలోని యొక పుట నెలకొకసారి రేడియోలో వినబడినచో ఒకదాని లోపమును మరొకటి తీర్చును.

ఇక ధనము. ‘పోజ్’ వంటి పత్రికలను తరువాతికాలమున నిలిపినవి మందుల కంపెనీల ప్రకటనలు. మన దేశమున వైద్యుని చీటిపై ఇచ్చు మందులను జనులకు ప్రకటించుట నిషిద్ధము. పైగా ఈ మందులను కొనువాడు రోగి కాదు, ప్రభుత్వము. కావున ధర్మబద్ధమైన ప్రకటన లభింపదు. అధర్మమైనది మాత్రము వెదకుకొని వచ్చును. నయముచేయుదునని ఏ మందును చెప్పుకొనరాదను వ్యాధుల ప్రభుత్వ పట్టికలో ఎయిడ్స్‌నే మొదట చేర్చినను, మూలికలతో నిర్మూలింతునను మహానుభావులకు కొదువలేదు. వారి పైకము ఒక్కసారి తీసికొన్న పత్రిక, మందులు మానుకొని మూలికలకు పోయి చనిపోయిన పాఠకునికి జవాబుదారియగును. మిగిలినది గ్రాంటు. గ్రాంటుపై నడచు పత్రిక గ్రాంటుతో ఆగిపోవును, దాతలకు నచ్చిన మాటలనే వల్లించు ప్రమాదమును కలదు. చిత్తూరు జిల్లాలో పల్లె స్త్రీలు తామే విలేఖరులై 2001లో మొదలుపెట్టిన ‘నవోదయం’, హైదరాబాదునుండి కొండవీటి సత్యవతిగారు నడపిన ‘భూమిక’ వంటి స్త్రీల పత్రికలు, పెద్ద ప్రకటనలు లేకయు చిన్నపత్రిక నిలువగలదని చూపినవి. సంఘసభ్యుల చిన్నచందా, జిల్లాపరిషత్తు ముద్రణవ్యయము, స్థానికులైన డాక్టర్లు న్యాయవాదులు ప్రతిఫలము లేక వ్రాయు వ్యాసములు, ఇవి కలిసినచో నాలుగు ఫారముల పత్రిక బ్రతుకును.

అరచేతిలో ఫోనుండగ పత్రిక ఎందుకని కొందరడుగుదురు. ఫోను ఒక్కని సొత్తైనచోట ఆ వాదము చెల్లును. మన యిండ్లలో తండ్రి ఫోనులో కొడుకు ఆటలాడును, కోడలి ఫోనును అత్త తెరచిచూచును. వెదకిన మాటలను ఆ యంత్రము మరల మరల పైకి తెచ్చి చూపును. పైగా ఫోనులో నిజవైద్యమును దొంగవైద్యమును ఒకే అక్షరములలో పక్కపక్కనే కనబడును. ఏది నమ్మదగినదో వడగట్టి యిచ్చువాడే సంపాదకుడు. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు నిలిచిపోయినపుడు ప్రభుత్వము ఒకేసారి పలునెలల మందులిచ్చుటకు ఏర్పాటు చేసినది. మందు ఇంటిలో నున్నను దానిని గూర్చి మాటలాడు తోడు ఇంటిలో లేదని ఎందరికో ఆనాడు తెలిసివచ్చినది.

తుదకు, ఈ వ్యాధి లేని శ్రోతలకొక మాట. ఇట్టి పత్రిక మీ చేతికి వచ్చినచో, ఎవరిదని అడుగక చదువుడు. మీ ఊరి గ్రంథాలయములో నలుగురు చదువు పత్రికల నడుమ దానిని కూడ నుంచినచో, దానిని చేతబట్టినవాని మీద అనుమానపు చూపు పడదు. అందరును చదువు పత్రికను చదువుట ఎవరికిని ఆరోపణము కాజాలదు. సందేహములున్నవారు ఉచితముగ పలుకు 1097 అను జాతీయ హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చును, పేరు చెప్పనక్కరలేదు. ఇక పత్రికకు పంపు ఉత్తరము క్రింద తన పేరు వ్రాయుటయు, మానుటయు దానిని వ్రాసిన పాఠకుని యిష్టము, ఆ యిష్టమునకు చట్టము రక్షణ. అతని మాటను వక్రింపక అచ్చువేయుట సంపాదకుని ధర్మము. అది చదివిన పిదప అద్దె యింటిని, కూలిపనిని, పెండ్లిపంక్తిలో ఆకును అతనికి నిరాకరింపకుండుట మనలో ప్రతివాని ధర్మము. మొదటి రెండును కొందరి చేతిలోనివి. మూడవది ఈ ప్రసంగము వినుచున్న మనందరి చేతిలోనిదే.